గడ్డ తగిలిన ప్రతిసారీ మూలశంక కాదు

(నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో జరిగిన సభలో సర్జన్ మాట్లాడిన మాటలు ఇవి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని రాసినం.)

అందరికి నమస్కారం. ముందు వరుస కుర్చీలు ఖాళీగున్నయి, వెనక నిలబడ్డోళ్లు వచ్చి కూసోండి. ఈ మాట వినడానికి ముందుకొచ్చి కూసుంటే ఎవరన్న ఏమన్న అనుకుంటరేమో అని ఆగుతున్నరు, నాకు తెలుసు. ఆ ఆగుడే ఇవాళ మనం మాట్లాడుకోవలసిన అసలు సంగతి.

మలద్వారం దగ్గర చేతికి ఏదో గడ్డ తగుల్తది. లేకపోతే వాపు. మనం ఏమంటం? మూలశంక అంటం, మొలలంటం, పైల్స్ అంటం. మెడికల్ షాపుల "పైల్స్ మందియ్యి" అని అడుగుతం. ఆయన ఒక ట్యూబిస్తడు. చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా? లేరు. మీరు చూడలే, షాపాయన చూడలే, ఊర్ల ఆర్ఎంపీ కూడ చూడలే. ఎవ్వరూ చూడని జబ్బుకు పేరెట్ల పెట్టినం?

గడ్డ అనేది జబ్బు పేరు కాదు. గడ్డ అంటే అక్కడ ఏదో ఉన్నదని అర్థం, అంతే. అది ఉబ్బిన రక్తనాళమా, గడ్డకట్టిన రక్తమా, చీము గడ్డా, పుండు పక్కన పెరిగిన తోలా, లోపలినుంచి జారిన పేగా, లేకపోతే క్యాన్సర్ కంతా? ఆరింటికి ఆరు వేరే వేరే వైద్యాలు. ఒకదానికి పెరుగు, రొట్టె, నీళ్లు సరిపోతయి. ఒకదానికి అదే రోజు కోత పెట్టాలె. రెండిటికీ ఒకే ట్యూబు రాస్తే ఎట్ల?

కొంచెం లోపలి నిర్మాణం చెప్త, ఓపిక పట్టండి. ఇది అర్థమైతే మిగతాదంత మీరే చెప్తరు.

మలద్వారం అంటే మనకు బయట కనపడే రంధ్రం మాత్రమే కాదు. అక్కడినుంచి లోపలికి మూడు నాలుగు సెంటీమీటర్ల దారి ఉంటది. సంచి మూతికి దారం బిగించినట్టు దాని చుట్టు రెండు కండరాలుంటయి. లోపలిది మన మాట వినది, దానంతటదే బిగుసుకొని ఉంటది. బయటిది మన మాట వింటది, బస్సుల పోతున్నప్పుడు ఆపుకునేది దానితోనే. ఈ దారి మధ్యల ఒక గీత ఉన్నది. ఆ గీతకు పైన నొప్పి తెలిసే నరాలు లేవు. గీతకు కింద వేలి కొసకు ఉన్నంత స్పర్శ, నొప్పి ఉంటది.

ఈ ఒక్క గీత గుర్తు పెట్టుకోండి. గీతకు పైన పుట్టినయి రక్తం కారుస్తయి, నొప్పి పెట్టవు. గీతకు కింద పుట్టినయి ఓర్వలేనంత నొప్పి పెడ్తయి. అందుకే డాక్టరు మొదట అడిగే ప్రశ్న "నొస్తదా?" అని.

గీతకు పైన ప్రతి మనిషికి పుట్టుకతోనే మూడు మెత్తలు ఉంటయి. రక్తనాళాల మెత్తలు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ముందొకటి, వెనకొకటి. అవి జబ్బు కాదు. గ్యాసు, నీళ్లు కారిపోకుండ మూత పడేది వాటివల్లనే. ఏండ్ల తరబడి ముక్కి ముక్కి పోతే ఆ మెత్తలను పట్టి ఉంచే దారాలు సాగిపోయి, మెత్తలు ఉబ్బి కిందికి జారుతయి. అదే మూలశంక. అసలు మూలశంక.

దానికి నాలుగు మెట్లున్నయి. మొదటి మెట్టుల బయటికేమీ రాదు, మోషన్ చివర్ల ఎర్రటి రక్తం చుక్కలు చుక్కలుగ పడ్తది. ఒక్కోసారి చిమ్మినట్టు పడ్తది. రెండో మెట్టుల ముక్కినప్పుడు గడ్డ బయటికొస్తది, లేవంగనే దానంతటదే లోపలికి పోతది. మూడోదాంట్ల వేలితోని నెడితేనే పోతది. నాలుగోదాంట్ల నెట్టినా పోదు. ఈ నాలుగింటిల మీది ఏదో డాక్టరుకు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే, వైద్యం ఆ మెట్టును బట్టే ఉంటది.

మరి నొప్పి? మొదటి మూడు మెట్లల్ల దాదాపు ఉండదు. అందుకే పట్టించుకోరు. ముఖ్యంగ ఆడవాళ్లు. రోజూ నాలుగు చెంచాల రక్తం పోతనే ఉంటది, నొప్పి లేదు కద అని ఊకుంటరు. ఏడాది అయ్యేసరికి మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు, ముఖం పాలిపోవుడు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండవలసిన దగ్గర ఐదు. అప్పుడు బలానికని ఐరన్ గోళీలు మింగుతరు. ఐరన్ గోళీలకు మోషన్ నల్లగ, గట్టిగ అయితది, ఇంకా ముక్కుతరు, ఇంకా రక్తం పోతది. అక్కా, రక్తం తక్కువున్నదని ఎవరన్న చెప్తే, ఎటు పోతున్నదో కూడ చెప్పుమని అడగాలె.

ఇప్పుడు గీతకు కిందికి వద్దాం. రాత్రి బాగనే పడుకున్నడు. మూట ఎత్తిండు, లేదా గట్టిగ ముక్కిండు. తెల్లారేసరికి రంధ్రం అంచుమీద రేగుపండంత గడ్డ. నీలిరంగు. ముట్టుకుంటే ప్రాణం పోయినట్టుంటది, కూసోరాదు. ఇది తోలు కింది చిన్న నాళంల రక్తం గడ్డకట్టుడు. దీన్ని లోపలికి నెట్టే ప్రయత్నం చేస్తరు. నెట్టొద్దు. అది లోపలినుంచి వచ్చింది కాదు, లోపలికి పోదు. మొదటి మూడు రోజుల్ల, అంటే 72 గంటలలోపు వస్తే, అక్కడికే మత్తు సూది ఇచ్చి ఆ గడ్డను తీసేస్తం, నొప్పి వెంటనే దిగుతది. ఊరికె గీటు పెట్టి పిండితే మళ్ల నిండుతది, మొత్తంగ తీయాలె. మూడు రోజులు దాటితే? అప్పటికి నొప్పి తగ్గుముఖం పట్టి ఉంటది. వేడినీళ్ల తొట్టి, నొప్పి గోళీ, మెత్తటి మోషన్, ఇవి చాలు. రెండు వారాలల్ల కరుగుతది. ఆ జాగల చిన్న తోలు ముక్క మిగిలితే అది ప్రమాదం కాదు.

ఇంకోటి, మూలశంక పేరుమీద అందరికంటె ఎక్కువ మోసపోయే జబ్బు, ఫిషర్. అంటే పగులు. మడమ పగిలినట్టు అంచు పగుల్తది. మోషన్ పోతున్నంతసేపు గాజుపెంకు గీసినట్టు, పోయినంక గంటో రెండు గంటలో మంట. కాగితానికో వేలికో కొంచెం నెత్తురు అంటుతది. ఆరు వారాలు దాటిన పగులు బయటి అంచుల కందిగింజంత తోలు పెరుగుతది. చేతికి తగిలేది అదే. "నాకు మొల వచ్చింది" అనుకునేది దాన్నే చూసి. ఆ తోలును ఎవరో ఒకరు కత్తిరిస్తరు, పగులు అట్లనే ఉంటది. మళ్ల పెరుగుతది.

పగులు ఎందుకు మానది? ఆ లోపలి కండరం ఉన్నదే, మన మాట విననిది, నొప్పికి అది ఇంకా బిగుస్తది. బిగిస్తే అక్కడికి రక్తం అందది. రక్తం అందని పుండు మానది. కాబట్టి వైద్యం పుండుకు కాదు, బిగుతుకు. దానికి రెండు శాతం డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్ ఉన్నది. శనగ గింజంత తీసుకొని రోజుకు రెండుసార్లు అంచుకు, కొంచెం లోపలికి రాయాలె. ఎన్ని రోజులు? ఆరు నుంచి ఎనిమిది వారాలు. పది రోజులకు నొప్పి తగ్గంగనే ట్యూబు అటక మీద పెడ్తరు, నెలకు మళ్ల పగుల్తది, "మందు పని చెయ్యలే" అంటరు. మందు పని చేసింది, మనం ఆపినం. నైట్రోగ్లిసరిన్ అని ఇంకో ఆయింట్‌మెంట్ ఉన్నది, దానికి తలనొప్పి వస్తది. అన్ని వాడినా మానకపోతే ఆ కండరాన్ని పక్కనుంచి కొంచెం కోసి వదులు చేస్తరు. దాదాపు అందరికీ మానుతది. కాని కష్టమైన కాన్పులు అయిన ఆడవాళ్లకు ఆ కోత ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలె, గ్యాసు ఆపుకునే పట్టు తగ్గొచ్చు.

పగులు సాధారణంగ వెనక మధ్యల ఉంటది, కొందరికి ముందు మధ్యల. పక్కలకు ఉంటే అది మామూలు పగులు అనుకోవద్దు. క్షయ, హెచ్‌ఐవీ, పేగుపూత, వీటికి పరీక్షలు చేయించాలె.

ఇప్పుడు అన్నిటికంటె జాగ్రత్తగ వినవలసింది. ఫోన్లు పక్కన పెట్టండి తమ్ముళ్లూ.

రంధ్రం పక్కన, పిర్ర వైపు, ఎర్రగ, వేడిగ, గట్టిగ వాపు. రాత్రంత సలుపుతది. గుండె కొట్టుకున్నట్టు ఆ జాగ కొట్టుకుంటది. మోషన్ పోయినా పోకున్నా నొప్పి ఒకటే తీరు. చలి పెట్టి జ్వరం. ఇది చీము గడ్డ. లోపల గీత దగ్గర చిన్న చిన్న గ్రంథులుంటయి, వాటి మూతి మూసుకపోతే లోపల చీము పడ్తది, అది దారి వెతుక్కుంట బయటి తోలు దాకా వస్తది.

మన దగ్గర ఏం చేస్తరు? వారం రోజులు యాంటీబయాటిక్, డైక్లోఫెనాక్ సూది. నొప్పి అణుగుతది, జ్వరం అణుగుతది. చీము పోయిందా? పోలే. రక్తం అందే దగ్గరికే మందు పోతది. చీము కుండల రక్తనాళం ఉండదు, కాబట్టి మందు లోపలికి అందది. పైన నిశ్శబ్దమైంది, లోపల చీము పైకీ పక్కకూ, అవతలి పిర్రకూ పాకుతది. పండేదాక ఆగుదాం, మెత్తబడేదాక ఆగుదాం అని పిండికట్టు కడ్తరు. ఈ గడ్డకు పండేదాక ఆగుడు అనే లెక్క లేదు. అనుమానం రాంగనే మత్తిచ్చి కోసి చీము తీయాలె. అదే రోజు. అదొక్కటే వైద్యం, యాంటీబయాటిక్ దానికి తోడు మాత్రమే, అదీ అందరికీ అక్కరలేదు.

షుగరున్నోళ్లు ఇంకా వినండి. షుగరు మనిషికి ఇక్కడ చీము పడితే రెండు రోజుల్ల తోలు నల్లబడి, వృషణాల సంచి దాకా కుళ్లుకుంట పోవచ్చు. దాన్ని ఫోర్నియర్ గ్యాంగ్రీన్ అంటరు. ప్రాణం తీస్తది. షుగరుండి, అక్కడ నొప్పి ఉండి, జ్వరం ఉంటే తెల్లారేదాక ఆగొద్దు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు దగ్గర్ల ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రులున్నయి, సర్జన్లు ఉంటరు. రాత్రైనా పోండి. 108 ఉన్నది.

చీము తీసినంక ముగ్గురిల ఒకరికి, ఒక్కోసారి ఇద్దరిల ఒకరికి, ఆ దారి మిగిలిపోతది. లోపలొక మూతి, బయటొక మూతి, నడుమ గొట్టం. అదే ఫిస్టులా, భగందరం, కొందరు లూటీ అంటరు. పిర్ర మీద చిన్న మొటిమ లెక్క ఉంటది. పది రోజులు మూసుకుంటది, ఉబ్బుతది, పగిలి చీము కారుతది, హాయిగ ఉంటది, మళ్ల మూసుకుంటది. ఎన్ని ట్యూబులు రాసినా మానదు, ఎందుకంటే మూలం బయటి మూతి కాదు, లోపలి మూతి.

వైద్యం ఆ గొట్టం కండరంల ఎంత భాగం గుండా పోయిందన్న దానిమీద ఉంటది. పైపైన పోతే చీరి తెరుస్తరు, ఆరేడు వారాలల్ల అడుగునుంచి పూడుకుంట వస్తది. లోతుగ పోతే చీరొద్దు, చీరితే మోషన్ ఆపుకునే పట్టు పోతది. అప్పుడు ఎమ్మారై తీసి, దారం వేసో, వేరే పద్ధతులల్లో చేస్తరు. మన ఆయుర్వేదంల క్షారసూత్రం ఉన్నది. దారానికి జెముడు పాలు పదకొండు పూతలు, ఉత్తరేణి క్షారంతోని ఏడు, పసుపుతోని మూడు, మొత్తం 21 పూతలు వేసి ఎండబెట్టి, గొట్టంల నుంచి తీసి కడ్తరు. వారానికోసారి మారుస్తరు. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, దీన్ని ఆపరేషన్‌తోని పోల్చి చూసి 1991ల ఫలితాలు ప్రచురించింది. మానడానికి ఎక్కువ వారాలు పట్టింది, కాని తిరగబెట్టుడు తక్కువున్నది. కాబట్టి చదువుకున్న ఆయుర్వేద సర్జన్ దగ్గర చేయించుకుంటే తప్పులేదు. ఎవరు చేసినా ఒక్కటి అడగండి, తీసిన ముక్కను బయాప్సీకి, అంటే ల్యాబుల ముక్క పరీక్షకు, పంపిన్రా అని. మన దేశంల కొన్ని ఫిస్టులాల వెనక క్షయ ఉంటది. క్షయకు ఆరు నెలల మందు వాడకుండ ఎన్నిసార్లు కోసినా మానది.

మిగతావి తొందరగ చెప్త. ముసలోళ్లకు, ముఖ్యంగ ఎక్కువ కాన్పులైన అవ్వలకు, పేగే జారి బయటికొస్తది. మూలశంకకు, దీనికి తేడా చూసే చెప్పొచ్చు. మూలశంక గడ్డల నడుమ గీతలు నారింజ తొనల లెక్క కేంద్రంనుంచి బయటికి పోతయి. జారిన పేగు మీద గీతలు గాజుల లెక్క గుండ్రంగ ఉంటయి. బయటికొచ్చిన పేగు వాచి లోపలికి పోకుంటే దానిమీద మామూలు చక్కెర చల్లి పావుగంట ఆగితే నీరు గుంజి వాపు తగ్గుతది, తడిగుడ్డతోని మెల్లగ నెడితే పోతది. పోకుంటే, నల్లబడితే, ఆస్పత్రికి. చిన్నపిల్లలకు విరేచనాలప్పుడు పేగు జారితే భయపడొద్దు, ఎక్కువమందికి ఎదిగేకొద్ది తగ్గుతది. పిల్లలకు నొప్పి లేకుండ రక్తం పడి, ఎర్రగ చెర్రీపండసొంటిది బయటికి తొంగి చూస్తే అది పాలిప్, అంటే పేగు లోపలి పొరమీద పెరిగిన మెత్తటి గడ్డ, తీయించాలె.

తోక ఎముక దగ్గర, పిర్రల నడిమి గాడిల గడ్డ లేచి చీము కారితే అది మలద్వారం జబ్బే కాదు. అక్కడ వెంట్రుక తోలులకు గుచ్చుకొని చేసే గడ్డ. లారీ, ట్రాక్టర్ నడిపే పిలగాండ్లకు ఎక్కువ. అంచు చుట్టు గోబిపువ్వు లెక్క పులిపిర్లు వస్తే అవి వైరస్ వల్ల వచ్చినయి, మొగుడూ పెండ్లామిద్దరూ చూపించుకోవాలె. సిగ్గు పడాల్సింది లేదు.

ఇగ కంతి. నలభై దాటినంక కొత్తగ రక్తం పడినా, మోషన్ తీరు మారినా, పోయినంక కూడ ఇంకా మిగిలినట్టే అనిపించినా, బరువు తగ్గినా, రక్తంతోపాటు జిగట పడినా, "నాకు పదేండ్లనుంచి మొలలున్నయి, అదే" అనుకోవద్దు. మొలలున్నోనికి క్యాన్సర్ రావొద్దని రూలున్నదా? వేలితోని ఒక నిమిషం పరీక్ష చేస్తే పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం, దాని కింది భాగంల ఉన్న కంతి తగుల్తది. ఒక్క నిమిషం. గ్లవ్, జెల్లీ, వేలు. ఆ ఒక్క నిమిషం సిగ్గుపడి ఏడాది పోగొట్టుకుంటరు. అది చూస్తే మనసుకు చాలా బాధైతది. పైభాగానికి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతోని పెద్దపేగు చూసే పరీక్ష, కావాలె. వేలు పెట్టి చూడకుండ మందు రాసిచ్చే డాక్టరును, "సార్, ఒకసారి చూడుండ్రి" అని మీరే అడగండి. అడిగే హక్కు మీకున్నది.

వైద్యానికి వద్దాం. మొదటిది తిండి. రోజుకు ఇరవై ఐదు, ముప్పై గ్రాముల పీచు కావాలె. వంద గ్రాముల తెల్ల బియ్యంల మూడు గ్రాములు కూడ లేదు. వంద గ్రాముల జొన్నల్ల పది దాకా ఉన్నది. పాలమూరు, నల్లగొండ అంటేనే జొన్నరొట్టె. తాతలు రెండు పూటల తిన్నరు, మనం రెండు రూపాయల బియ్యం వచ్చినంక మూడు పూటల అన్నమే తింటున్నం. రాత్రికన్న రెండు జొన్నరొట్టెలు, తోటకూరనో గోంగూరనో, ఒక జామకాయ. పట్నంల, బొంబైల మేస్త్రీ పనికి పోయినోళ్లు పొద్దంత ఎండల ఉండి రెండు గ్లాసుల నీళ్లు కూడ తాగరు. "వేడి చేసి మొలలొచ్చినయి" అంటరు. వేడి కాదన్నా, నీళ్లు లేక పేగు మోషన్ల తడినంత పీల్చుకుంటది, రాయి అయితది. కోడికూరతోని మొలలు పుట్టవు. కారం కూడ మొలలను పుట్టియ్యదు, కాని పగులున్నోనికి మండుతది, మానేదాక తగ్గించుకోవాలె.

ఇసబ్‌గోల్ పొట్టు రెండు టీ చెంచాలు, పెద్ద గ్లాసు నీళ్లల్ల కలిపి వెంటనే తాగాలె, మీదినుంచి ఇంకో గ్లాసు నీళ్లు. నీళ్లు తక్కువైతే అదే గట్టిపడి అడ్డం పడ్తది. మొదట ఒక చెంచతోని మొదలువెట్టండి, లేకుంటే కడుపుబ్బరం. ఒక్క రోజుల పనిచెయ్యది, రెండు మూడు రోజులు చూడాలె. వేరే గోళీలకు దీనికి రెండు గంటల ఎడం ఉండాలె.

లెట్రిన్‌ల ఐదు నిమిషాలు. ఫోను తీసుకపోవొద్దు. కమోడ్ మీద కూసునేటోళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి, మోకాళ్లు పైకి రావాలె.

వేడినీళ్ల తొట్టి అంటే కాగే నీళ్లు కాదు. మోచేయి పెడితే ఓర్చుకునేంత వేడి. వెడల్పు టబ్బుల నాలుగు అంగుళాల నీళ్లు పోసి పిర్రలు మునిగేటట్టు పది పదిహేను నిమిషాలు కూసోవాలె. రోజుకు రెండు మూడుసార్లు, మోషన్ పోయినంక తప్పకుండ. డెటాల్ వద్దు, తోలు కాలుతది. ఎర్రమందు (పొటాషియం పర్మాంగనేట్) పలుకులు కరగకుండ తగిలినా కాలుతది. ఉత్త నీళ్లు చాలు. పని చేసేది వేడి, ఆ బిగిసిన కండరం వదులైతది. షాపుల దొరికే ట్యూబులల్ల చాలావాటిల స్టెరాయిడ్ ఉంటది, వారం మించి రాస్తే తోలు పలచబడి ఇంకా పగుల్తది.

ఒకటి రెండు మెట్ల మూలశంకకు, కొన్ని మూడో మెట్టువాటికి, రబ్బర్ బ్యాండు. చిన్న గొట్టంలనుంచి గడ్డ మొదట్ల బ్యాండు వేస్తరు. మత్తు అక్కరలేదు. ఎందుకు? గీతకు పైన కాబట్టి. మీకే తెలిసిపోయింది చూడండి. వేసిన నిమిషంల కత్తిపోటు అసొంటి నొప్పి వస్తే గీత మీద పడిందని అర్థం, అక్కడనే చెప్పాలె, తీసేస్తరు. వారం పది రోజులకు గడ్డ ఎండి రాలుతది, ఆ రోజు కొంచెం రక్తం పడొచ్చు. రక్తం పలచబడే గోళీలు వాడేటోళ్లు ముందే చెప్పాలె. బ్యాండు వేసినంక జ్వరమొచ్చి, నొప్పి పెరిగి, మూత్రం రాకపోతే ఆ మూడు కలిసినప్పుడు పరుగెత్తుకు రావాలె.

నాలుగో మెట్టుకు, పెద్ద మూడో మెట్టుకు ఆపరేషన్. మామూలు కోత ఉన్నది, స్టేప్లర్ ఉన్నది, లేజర్ ఉన్నది. లేజర్‌తోని నొప్పి తక్కువ, పనికి తొందరగ పోతరు. కాని "లేజర్ చేస్తే జన్మల రాదు" అని బోర్డు పెడితే నమ్మొద్దు. పెద్ద గడ్డలల్ల తిరగబెట్టుడు మామూలు కోతకంటె లేజర్‌కే ఎక్కువ.

ఇగ సూదులు. "కోత లేదు, ఒక్క సూదితోని మొలలు రాల్తయి" అని. సూది వైద్యం అసలుది ఒకటున్నది. బాదం నూనెల ఐదు శాతం ఫినాల్, కొలిచి, గీతకు పైన, సరైన పొరల ఇస్తరు. ఊర్లల్ల గుడిసె ఆస్పత్రులల్ల ఇచ్చేది అది కాదు. ఏం మందో పేరు చెప్పరు, సీసా చూపియ్యరు. కాల్చే ద్రావకం. గడ్డ నల్లబడి రాల్తది, నిజమే, చేతిల పెట్టి చూపిస్తరు. దానితోపాటు చుట్టు తోలు కాలి మచ్చ కట్టి రంధ్రం చిటికెన వేలు పట్టనంత సన్నబడ్తది. లేకుంటే కండరం కాలి ఆపుకునే పట్టు పోతది. సన్నబడ్డ దారిని మళ్ల వెడల్పు చెయ్యడం మొదటి జబ్బుకంటె పెద్ద పని. పసర్లు, మైలుతుత్తం పూతలు కూడ ఇదే పని చేస్తయి. మందు పేరు కాగితం మీద రాసియ్యనోని దగ్గర బట్ట విప్పొద్దు.

చీటీల మీద కొన్ని ప్రశ్నలొచ్చినయి. "కడుపుతోని ఉన్న, మొలలొచ్చినయి, ఆపరేషన్ చేస్తరా?" దాదాపు అక్కర పడదమ్మా. కాన్పైనంక కొన్ని వారాలల్ల చాలావరకు కుంచించుకుపోతయి. అప్పటిదాక పీచు, నీళ్లు, తొట్టి, ఎడమ పక్కకు తిరిగి పండుకొనుడు. ట్యూబు కూడ అడగకుండ రాయొద్దు.

"ఆపరేషన్ అయినంక మొదటి మోషన్‌కు భయమైతుంది." నిజమే, నొస్తది. అందుకని రెండు మూడు రోజులు ఆపుకుంటరు, అప్పుడు గట్టిపడి నిజంగ చీరుకపోతది. ఆపొద్దు. నొప్పి గోళీ అరగంట ముందు వేసుకొని పోండి, పోంగనే తొట్టిల కూసోండి. నీళ్లతోని కడుక్కోండి, రుద్దొద్దు, మెత్తటి గుడ్డతోని అద్దండి. కుట్టు పాడైతదని కడుక్కోకుండ ఉండొద్దు.

"డాక్టరు ఆడమనిషి ఉంటరా?" ఇవాళ ఉన్నరు. ఎడమ పక్క గదిల మేడం కూసున్నరు, పరదా ఉన్నది. మగవాళ్లకు ఈ స్టేజి వెనక గదిల నేను చూస్త. పేరు రాసుకునే దగ్గర జబ్బు చెప్పనక్కరలేదు, చీటీ తీసుకుంటే చాలు. షుగరున్నోళ్లు, జ్వరమున్నోళ్లు, సలుపున్నోళ్లు ముందు రండి, వాళ్లకు చీటీ అవసరం లేదు.